ఇంటి ముందరి గరిక

పన్నెండడుగులు ఇటు, తొమ్మిదడుగులు అటు.
కొలిచి చెప్పుకునేంత జాగ కాదు,
అయినా కొలిచిన,
ఆస్పత్రిల బొజ్జలు కొలిచే గుడ్డ టేపుతోని.

మాఘం పోయేటాల్లకు
కొబ్బరిపీచు రంగుకొచ్చింది గడ్డి.
నాగర్‌కర్నూలు చలికి కాదు,
నా నైట్ డ్యూటీలకు.
నేను పండుకున్న పొద్దుల్లనే
నల్లా వచ్చి, పిలిచి, పోయేది.

ఫాల్గుణంల తీరిక చేసుకున్న.
ఎండిన పైపొరను చిక్కుజుట్టు తీరు
చిన్న దంతెతో దువ్విన.
మేకపెంట నలిపి, జల్లెడ పట్టి, చల్లిన.
బియ్యం కడిగిన నీళ్లు, పప్పు కడిగిన నీళ్లు
పూటకో మూలకు.
ఫిల్టరు ఊసే ఉప్పునీళ్లు మాత్రం పొయ్యలేదు,
గడ్డికీ నాలుక ఉంటది.

కత్తిరించేందుకు మిషను లేదు.
కురుమ బీరయ్యనడిగి తెచ్చుకున్న
గొర్రెబొచ్చు తీసే కత్తెర.
కిర్రు కిర్రున అది నడుస్తుంటే
పచ్చిక మీద ఉన్ని వాసన.
"మరీ పొట్టిగ కొయ్యకు సిస్టరమ్మా,
తోలు కనబడితే ఎండ కొరుకుతది"
అన్నడు గోడ అవతల నిలబడి,
గొర్రె సంగతి చెప్తున్నడో, గడ్డి సంగతో.

ఎనిమిదో దినం
దుబ్బు కింద సూదిమొనంత పచ్చ.
ముసలవ్వ ముంజేతిల
మూడుసార్లు పొడిచినా దొరకని నరం
నాలుగోసారి దొరికినట్టు
ఊపిరి ఇడిసిన.

గప్పుడే వచ్చింది అత్తమ్మ.
ఎడమకంటికి శుక్లం తీసిండ్రు,
నల్లద్దాలు ఇచ్చిండ్రు.
తల వంచొద్దు, బరువు ఎత్తొద్దు,
తలకు పోసుకోవద్దు.
ఆ కాగితం రాసింది నేనే,
రెండుసార్లు చదివి వినిపించింది నేనే.

తెల్లారి డ్యూటీ దిగి గేటు తీస్తే
పచ్చిక నడుమ మంచమంత ఎర్రమన్ను.
పక్కన గరిక కుప్పలు,
ఏర్లు అన్నీ ఒక్క దిక్కుకు.
కొంగు నడుముకు చెక్కి, గొంతు కూసోని
లింగమ్మ అత్తమ్మ.

"గింత గరిక ఎట్ల పెరగనిచ్చినవు బిడ్డా?
మొన్నటిదాక మసక మసకగుండె,
ఇయ్యాల ఒక్కొక్క ఏరు తేటగ అవుపడుతుంది."

కోపం గొంతుదాక వచ్చింది.
జొన్నచేన్ల, పల్లిచేన్ల, పత్తిచేన్ల
నలభై ఏండ్లు వంగిన నడుము.
ఏ గరిక పీకితే కూలి ఇచ్చిండ్రో
ఆ గరికనే నాటుకునేటోళ్లు ఉంటరని
ఆమెకు ఎవలు చెప్పిండ్రు?

"ఇది కలుపు కాదత్తమ్మా, పెంచుకుంటున్న."
"బర్రె ఉందా?"
"లేదు."
"మేక?"
"లేదు."
"మరి ఎవలు మేస్తరు?"

జవాబు దొరకలేదు.
చెప్పులిడిసి మిగిలిన పచ్చిక మీద నిలబడ్డ.
పన్నెండు గంటలు వార్డుల తిరిగిన కాళ్లు,
పిక్కల మీద సాక్సు కోసిన గీతలు,
ఉబ్బిన మడిమలు.
ఆమె నల్లద్దాలు తీసింది.
కొత్త కన్నుతోని చానసేపు చూసింది,
నా మొకం కాదు, కాళ్లు.

తర్వాత కుప్పల నుంచి ఒక తీగ అందుకొని
గోటితోని తుంచింది,
గణుపు గణుపుకు ఒక ముక్క.
"నాటుదువు రా.
దీన్ని సంపుడే నా పనాయె అన్నేండ్లు.
సచ్చిందా ఎన్నడన్న?
ఎట్ల బతుకుతదో నన్నడుగు."

ఆమెను కుర్చీల కూసోబెట్టిన.
రెండేళ్ల లోతు, జానెడు ఎడం,
కాలిబొటనవేలితో ఒత్తుడు,
అన్నీ కుర్చీల నుంచే.
నేను వంగుతుంటే
నా నడుము వంకర ఆమెకు నచ్చలేదు.

ఉగాదికి మంచమంత జాగ
చాపంత అయింది, చేటంత అయింది.
ఎదురింటి వేపపూత దాని మీద రాలుతుంటే
ఊడ్వబుద్ధి కాలేదు.

కుడికంటి ఆపరేషనుకు
వచ్చే నెల మళ్లొస్తది.
నల్లా పక్కన నాలుగు తుంగమొలకలు లేచినయి.
చూసిన. పీకలేదు.
పట్టీ ఇప్పి, మందు చుక్కలు అయిపోయి,
వంగొచ్చని డాక్టరు చెప్పినంక
ఆమె వేళ్లకు ఏమన్న ఉండాలె కద.